ఇసుకల అడుగులు, రాతిల ఆకు

ఆ మొద్దును ఇంకొంచెం లోపలికి నూకు బిడ్డా, పొగంత నాయనమ్మ దిక్కు పోతున్నది. ఆ, చాలు. అందరు దగ్గరికి జరిగి కూసోండ్రి. పుష్యమాసం చలి ఊళ్లె కంటె గోదారి ఒడ్డున ఎక్కువనే ఉంటది.

పొద్దటి సంది నా మనుమడు సెల్లు పట్టుకొని జైసల్మేర్ ఫోటోలు అందరికి చూపెడుతున్నడు. ఇసుక తిన్నెలు, ఒంటెలు, పొద్దుగూకేటప్పుడు ఎర్రటి ఆకాశం. మంచిగున్నయి. చూపెట్టి, "తాతా, నువ్వు ఎన్నడన్న ఎడారి చూసినవా?" అని అడిగిండు. అప్పుడు నేను జవాబు చెప్పలే. అది ఒక్క మాటల తేలే ముచ్చట కాదు.

చూసిన బిడ్డా. యాభై ఏండ్ల సంది చూస్తున్న. రైలెక్కకుంట, ఈ గోదావరిఖనిల ఉండే చూసిన. ఒకటి ఎండకాలం గోదారి ఇసుక. ఇంకోటి బొగ్గుబాయి మట్టిగుట్టలు. పుస్తకం లెక్క తీస్తే ఈ రెండూ ఎడారులు కావు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటె తక్కువ వాన పడే జాగనే ఎడారి అంటరు. మన దగ్గర వెయ్యి మిల్లీమీటర్లకు అటిటు పడ్తది. అయినా రోహిణి కార్తెల, ఎండ 45, 46 డిగ్రీలకు ఎక్కినప్పుడు ఆ ఇసుకల నిలబడితే కనుచూపు మేర నీడ ఉండది, నీళ్లుండవు, మనిషి ఉండడు. మరి దాన్ని ఏమనాలె?

నేను 1974ల వచ్చిన. మాది ధర్మపురి దిక్కు పల్లె. రామగుండం స్టేషన్ల దిగేనాటికి నాకు ఇరవై ఒక్కేండ్లు, చేతిల ఒక సంచి, అండ్ల రెండు జతల బట్టలు. ఇల్లందు కాడ 1871ల కింగ్ అనే తెల్లదొర బొగ్గు ఆనవాలు పట్టిండు. అక్కడ 1889ల బొగ్గు తీసుడు మొదలైతే, మన దగ్గరికి బాయి పని వచ్చేవరకు ఇంకో డెబ్బై ఏండ్లు పట్టింది. అందుకే నేను వచ్చిన్నాడు ఇక్కడ ఊరు తక్కువ, అడివి ఎక్కువ. బాయిలకు దిగే ఇంక్లైనుకు ఇంక్లైనుకు నడుమ టేకు, తునికి, మోదుగ. మాఘమాసం దాటితే మోదుగులు పూసి అడివికి అడివే అంటుకున్నట్టు కనిపిస్తుండె. రాత్రి బాట మీద గుడ్డెలుగు ఎదురైందని నైట్ షిఫ్టోళ్లు చెప్పుకుంటుండ్రి. ఫెర్టిలైజర్ ఫ్యాక్టరీ ఉత్పత్తికి రాలే. ఎన్టీపీసీకి ఇంకా పునాదిరాయి పడలే, అది 1978 నవంబర్ల మొరార్జీ దేశాయ్ వచ్చి వేసిండు. రాత్రి ఆకాశం నల్లగ, నిండ చుక్కలతోటి ఉంటుండె.

నాది కోల్ ఫిల్లర్ పని. చేతిల బొగ్గు ఎత్తే తట్ట, చెమ్మసు. ఎనిమిది గంటలు బాయిల ఉంటే, నెత్తి మీది ల్యాంపు వెలుగు ఎంత దూరం పడ్తదో అంతే లోకం. పది అడుగుల అవతల ఏమున్నదో తెల్వది. చెవులే కండ్లు. పైకప్పు ఏమన్న చప్పుడు చేస్తదేమో, దిమ్మె ఏమన్న ఇరుగుతదేమో అని చెవి పెట్టి పని చేసుడు. అట్లాంటి చీకట్లకెల్లి బయటికి వచ్చినోనికి ఒక ఆశ ఉంటది బిడ్డా: దూరం చూడాలె. ఎంత దూరం వీలైతే అంత దూరం. అడ్డమేమీ లేకుంట చూపు పోవాలె. ఆ ఆశకే ప్లే డే నాడు, అంటే వారం సెలవు నాడు, నేను గోదారికి పోవుడు మొదలుపెట్టిన. కొందరు సినిమాకు పోయెటోళ్లు, కొందరు కల్లు దుకాణానికి. నేను, నా జోడీదారు ఇద్దరం తెల్లారకముందే లేచి, సద్ది కట్టుకొని ఇసుకలకు దిగుతుంటిమి.

అప్పటి గోదారి మీకు తెల్వది. ఈ ఒడ్డు నుంచి మంచిర్యాల దిక్కు ఆ ఒడ్డుకు కిలోమీటరు అటిటు. వానకాలం అంత వెడల్పు ఎర్రనీళ్లు. సంకురాత్రి దాటంగనే నీళ్లు పాయలుగ చీలుతయి. పైన పోచంపాడుకు నెహ్రూ 1963ల పునాది వేసినంక, కట్ట లేచిన కొద్ది ఎండకాలం నీళ్లు ఇంకింత తగ్గినయి. ఏప్రిల్ వచ్చేవరకు ఏదో ఒక ఒడ్డుకు ఆనుకొని సన్న పాయ. మిగిలిందంత ఇసుక. ఆ ఇసుకల నీళ్లు లేవనుకునేరు, ఉంటయి, కిందుంటయి. మోకాలి లోతు తవ్వితే చెలిమె ఊరుతది. మొదట బురద నీళ్లు వస్తయి, అవి రెండు మూడు సార్లు తోడి పారబోయాలె. ఆ తర్వాత ఊరే నీళ్లు అద్దం లెక్క ఉంటయి. చిప్పతోటి ముంచి బట్ట అడ్డం పెట్టి బిందె నింపుకునేది ఆడోళ్లు. నేను చాన ఊర్ల నీళ్లు తాగిన గని చెలిమె నీళ్ల రుచి మళ్ల దొరకలే. మనుషులు పోయినంక ఆ చెలిమె కాడికి తేనెటీగలు, పావురాలు, రాత్రి పూట నక్కలు వస్తయి. మనం తవ్విన గుంట పది జీవాల గొంతు తడిపేది.

మాకు అడుగులు చదువుడు నేర్పింది ఒక బెస్త ముసలాయన. పాయ పక్కన పుచ్చతోట వేసుకొని గుడిసెల ఉంటుండె. ఆయన అన్న మాట ఒక్కటే: "పొద్దు పొడిచేలోపు రాండ్రి, ఎనిమిది దాటితే గాలి అంత తుడిచేస్తది." నిజమే. రాత్రంత ఇసుక పలక లెక్క ఉంటది. ఎవరు నడిచిన రాసి పెడ్తది. పొద్దెక్కి గాలి లేచిందంటే చెరిపేసుకుంటది. తెల్లారుజామున, వెలుగు ఏటవాలుగ పడేటప్పుడు చూస్తే ఒక్కొక్క అడుగుల నీడ నిండి అచ్చు తేటగ కనపడ్తది.

చెవులపిల్లి అడుగులు మొదట్ల నాకు ఉల్టా అర్థమైనయి. రెండు చిన్నయి ఒకదానెనుక ఒకటి, వాటి ముందర రెండు పెద్దయి పక్కపక్కన. చిన్నయి ముందరి కాళ్లు కదా, మరి అవి వెనుకెట్ల పడ్డయి? ముసలాయన ఇసుకల చేతులు పెట్టి దుంకి చూపెట్టిండు. అది ఎగిరినప్పుడు ముందరి కాళ్లు ఆనిచ్చి, వెనుక కాళ్లను వాటిని దాటిచ్చి ముందర పెడ్తది. కాబట్టి పెద్ద అడుగులు ఏ దిక్కుంటే అది ఆ దిక్కు పోయినట్టు. నక్కది తాడు పట్టినట్టు ఒకటే గీత, నాలుగు వేళ్లు, గోర్లు దిగిన గుర్తులు. పిల్లి జాతికి గోర్లు కనపడవు, అది గోర్లు లోపల దాసుకొని నడుస్తది. ఉడుము పోతే రెండు పక్కల కాళ్లు, నడుమ తోక ఈడ్చిన గీత. తాబేలు పోతే చిన్న బండి పోయినట్టు రెండు వరుసలు. నల్ల పురుగు ఒకటి ఉంటది, వేలి గోరంత. దాని నడక మీ నాయనమ్మ రవికెకు కుట్టిన కుట్టు లెక్కనే ఉంటది.

ఒకనాడు చెవులపిల్లి అడుగుల వెంబడి పోయినం. నిదానంగ దగ్గర దగ్గర పడ్డ అడుగులు ఒక్కపారి దూరం దూరం పడ్డయి. అంటే ఉరికింది. పక్కకెల్లి నక్క గీత వచ్చి కలిసింది. రెండూ కలిసి వంకర టింకర తిరిగినయి. ఒక తుంగ పొద కాడికి పోయేవరకు నక్క గీత వెనక్కి మళ్లింది, నెత్తురు చుక్క లేదు, వెంట్రుక లేదు. చెవులపిల్లి బతికింది. ఆ రెండు జీవాలల్ల ఒక్కదాన్ని గూడ మేం కండ్లతోటి చూడలే. అయినా ఆ రాత్రి ఏమైందో మాకు మొత్తం తెలిసింది. ఆ పొద్దు నా జోడీదారు, "బాయిల మనం బొగ్గు చప్పుడు విన్నట్టే ఇది గూడ" అన్నడు. ఆ మాట నాకు ఇప్పటికీ యాదికున్నది.

ఇగ గుడ్ల ముచ్చట. మార్చి నెలాఖరు. నీళ్ల మీద తిరిగే ఒక పిట్ట ఉంటది, బూడిదరంగు ఒళ్లు, పసుపు ముక్కు, నెత్తి మీద నల్లటోపీ పెట్టినట్టు. కాళ్లు ఎర్రగ ఉంటయి. మేం నల్లటోపీ పిట్ట అనుకునేటోళ్లం. ఆ పొద్దు అది నా నెత్తి మీదికి దిగి దిగి పోతున్నది, కీచుమంటున్నది. నాకు అర్థం కాలే, ఇంకో అడుగు వేయబోయిన. జోడీదారు భుజం పట్టి గుంజిండు. నా కాలి కిందనే, జానెడు దూరంల, ఇసుకల చిన్న గుంట, అండ్ల రెండు గుడ్లు. గడ్డి పోచ లేదు, పుల్ల లేదు. ఇసుక రంగు మీద గోధుమరంగు మచ్చలు. చూపు అటు తిప్పి ఇటు తిప్పేవరకు ఎక్కడున్నయో మళ్ల దొరకలే.

దూరం జరిగి ఒడ్డు మీది తుమ్మ కింద కూసొని చూసినం. ఎండ ముదిరిన కొద్ది ఆ పిట్ట గుడ్ల మీద కూసోలే. రెక్కలు కొంచెం ఇప్పి, కాళ్ల మీద లేచి, నీడ పట్టినట్టు నిలబడ్డది. నోరు తెరుచుకొని ఆయాసపడుతనే నిలబడ్డది. పొదుగుడు అంటే వెచ్చగ ఉంచుడు అని నేను అనుకున్న. ఈ ఇసుకల పొదుగుడు అంటే చల్లగ ఉంచుడు. తల్లి అరగంట లేచిపోతే గుడ్డు అక్కడనే ఉడికిపోతది. మనం పిట్టను చూడాలన్న మోజుతోటి దాని దగ్గర నిలబడ్డంత సేపు అది గుడ్లకు దూరం ఉంటది. అందుకే చెప్తున్న, చూసినమా, జరిగినమా, అంతే.

మధ్యాహ్నం అయితే ఎండమావులు లేస్తయి. అవతలి ఒడ్డు తాటిచెట్లు నీళ్లల్ల నిలబడ్డట్టే కొడ్తయి. సుడిగాలి లేచి ఇసుకను తాటిచెట్టంత ఎత్తు ఎగరేసుకుంట పోతది. ఆ ఇసుకనే లారీల మీద బంకర్లకు పోయి, నీళ్లు కలిపి పైపులల్ల బాయిలకు దిగేది. బొగ్గు తీసిన ఖాళీ జాగను ఇసుకతోటి నింపేటోళ్లు. స్టోయింగ్ అంటరు. ఆదివారం నేను నడిచిన ఇసుక సోమవారం నా పక్కనే బాయిల పడ్డదేమో.

రాబందుల సంగతి గూడ చెప్పాలె. మీరు పుస్తకంల చూసినరు గని మేం ముందర చూసినం. పసువు సచ్చిపోతే ఊరవతల ఇసుక ఒడ్డున పడేసెటోళ్లు. అప్పటివరకు ఆకాశంల ఒక్కటి గూడ ఉండది. గంటకు ఒక చుక్క కనపడ్తది, ఇంకో చుక్క, ఇంకో చుక్క. చూస్తుండంగ ముప్పై, నలభై దిగేటియి. వాటి రెక్కల చప్పుడు చాటతోటి చెరిగినట్టు ఉంటుండె. సాయంత్రానికి ఎముకలు తప్ప మిగిలేది కాదు, వాసన గూడ ఉండకపోయేది. 1990లు దాటేవరకు ఒక్కొక్కటి తగ్గుకుంట పోయి కనపడకుంట అయినయి. పసువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కారణం అని తర్వాత తేల్చిండ్రు. ఆ మందు పడ్డ పసువు సచ్చినంక దాని మాంసం తింటే రాబందు మూత్రపిండాలు పాడై సస్తది. 2006ల సర్కారు పసువులకు ఆ మందు ఆపింది. మన పైన, బెజ్జూరు అడివిల పెద్దవాగు ప్రాణహితల కలిసే కాడ పాలరాపు గుట్ట ఉన్నది, ఆ గుట్ట అంచుల మీద 2013ల రాబందుల గూళ్లు కనపడ్డయి. అది విన్నప్పుడు ఇంట్ల మనిషి తిరిగొచ్చినంత సంబరపడ్డ. మన గోదారిఖని ఆకాశంల మటుకు నేను మళ్ల చూడలే.

బిడ్డా, ఆ అల్మారిల కింది అరల, పాత తువ్వాల మూట ఉన్నది. తే. జాగ్రత్త, బరువుంటది.

చూడుండ్రి. దగ్గరికి పట్టుండ్రి, మంట వెలుగు పక్కకెల్లి పడాలె. కనపడ్తున్నదా? నాలుక లెక్క పొడుగు ఆకు. నడుమ ఈనె. ఈనె నుంచి రెండు పక్కలకు సన్న గీతలు, వల అల్లినట్టు. వేలు పెట్టి తడుమి చూడు, గీత వేలికి తగుల్తది. ఇది చెక్కింది కాదు, గీసింది కాదు. నిజంగ ఆకే. బొగ్గు పొర మీది మట్టిరాయిల నాకు 1983ల దొరికింది. టబ్బుల బొగ్గు నింపుతుంటే రాయి పెచ్చు వేరైంది, ల్యాంపు వెలుగు పడంగనే ఆకు. నా చేతులు ఆగిపోయినయి. బాయిల, భూమి కింద, నల్లటి చీకట్ల, ఆకు!

బాయిల మా పని చూసే సర్దారును అడిగి బయటికి తెచ్చిన. జియాలజిస్టు సారు ఒకాయన చూసి దీని పేరు గ్లాసోప్టెరిస్ అన్నడు. దీని వయసు 25 కోట్ల ఏండ్ల కంటె ఎక్కువట. అప్పుడు ఇక్కడ గోదారి లేదు, హిమాలయాలు లేవు. నీళ్లు నిలిచిన పెద్ద చిత్తడి అడివి ఉండె. ఆ అడివి చెట్లు పడి, బురదల మునిగి, మీద మట్టి పడి, ఒత్తిడికి, వేడికి బొగ్గు అయినయి. మేం తట్టల్ల ఎత్తింది ఈ ఆకులనే, ఈ కట్టెలనే. మన దేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అప్పుడు ఒక్క నేల. దానికి గోండ్వానా అని పేరు పెట్టిండ్రు. మన గోండుల పేరు మీదనే.

మీ అత్త టీచర్ అయినంక నాకు ఒక పుస్తకంల నుంచి ఇంకో సంగతి చదివి వినిపిచ్చింది. 1912ల స్కాట్ అనే ఇంగ్లీషు ఆయన దక్షిణ ధ్రువానికి పోయి తిరిగి వచ్చేటప్పుడు మంచుల సచ్చిపోయిండు. మంచు ఉన్నా గని అంటార్కిటికా గూడ ఎడారేనట, అక్కడ వాన మంచు పడేది చాన తక్కువ. ఆకలి, చలి, నడువ శాతగాదు, అయినా ఆయన మనుషులు బండి మీద పదహారు కిలోల రాళ్లు పడేయకుంట గుంజుకొచ్చిండ్రు. నెలలకు వాళ్ల శవాలు దొరికినప్పుడు ఆ రాళ్లు పక్కనే ఉన్నయి. ఆ రాళ్లల్ల ఈ ఆకే ఉండె. ఆ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర రాలే. ప్రపంచం ఆ కొసన మంచు ఎడారిల సచ్చేటోళ్లు వదలని ఆకు, ఈ కొసన మా బాయిల తట్టకు తట్ట పోయింది. అందుకే ఎన్నిసార్లు ఇల్లు మారినా ఈ మూట ముందుగ సర్దుత.

ఒంట్ల బాగలేక 1996ల నన్ను సర్ఫేస్ జనరల్ మజ్దూర్‌గ మార్చిండ్రు. ఓపెన్‌కాస్టు గుట్టల దిక్కు డ్యూటీ పడ్డది. అప్పుడు రెండో ఎడారి దగ్గర నుంచి చూసిన.

ఓపెన్‌కాస్టుల భూమిని పైనుంచి తెరుస్తరు. కొన్నిచోట్ల టన్ను బొగ్గు కోసం అయిదారు క్యూబిక్ మీటర్ల మట్టి, రాయి తీయవలసి వస్తది. దాన్ని ఓబీ అంటరు. అదంతా డంపర్లు తెచ్చి పోస్తే గుట్ట అయితది. పోసేటప్పుడు ఏమైతదో ఆలోచించుండ్రి. వందల ఏండ్లు ఆకులు మురిగి, వానపాములు తిరిగి తయారైన పైమట్టి అడుగున పడ్తది. పాతాళంల ఉన్న రాయి నెత్తి మీదికి వస్తది. సూర్యుణ్ణి కోట్ల ఏండ్ల సంది చూడని రాయి. అండ్ల ఇత్తనం లేదు, పెంట లేదు. వాన వెయ్యి మిల్లీమీటర్లు పడ్డా నిలవది, రాళ్ల సందుల్లకెల్లి జారి కిందికి పోతది. అందుకే వానలున్న దేశంల గూడ అది ఎడారి. ఆ గుట్టల కింద, ఆ గుంతలల్ల ఊర్లుండె, చెరువులుండె, ఇప్పచెట్లుండె. బొందలగడ్డ అని జనం కడుపు మండి పెట్టిన పేరు అది. ఆ పేరుల ఉన్న బాధ నిజం. దేశానికి కరెంటు కావాలె, నిజమే, నా కుటుంబం బతికింది బొగ్గు మీదనే. అయినా పోయిన చెరువు పోయినట్టే, దాన్ని ఎవ్వరూ మళ్ల తేలేరు.

కని ఆ గుట్ట మీద ఏం జరిగిందో ఏడాదికేడాది చూసినోణ్ణి నేను. మొదటి ఏడు ఏమీ లేదు. తొండలు గూడ లేవు. వాన కోసిన గండ్లు తప్ప. రెండో ఏడు ఆ గండ్లల్ల కొంచెం సన్నమట్టి పేరుకున్న చోట జిల్లేడు మొలిచింది, దాని దూది గాలికి ఎగిరొచ్చి పడ్డది. వెంపలి వచ్చింది. ఆ తర్వాత తంగేడు. దాని వెనుక గునుగు. సర్కారు తుమ్మ అయితే పిలువకున్నా వచ్చింది. కంపెనీ మొక్కలు పెట్టిన గుట్టల మీద చెట్లు లేచినయి. పెట్టని చోట గూడ ఇవి వచ్చినయి.

బతుకమ్మ వచ్చిందంటే కాలనీ ఆడోళ్లు తంగేడు పూల కోసం గుట్ట అడుగుకు పోతుండ్రి. మీ నాయనమ్మను అడుగుండ్రి. అప్పటికి ఊరి పక్క పొలాలు ప్లాట్లు అయినయి, తంగేడు దొరకది. బాయి మట్టి మీద పుట్టిన పూవుతోటి బతుకమ్మ పేర్చి, గోదారిల నిమజ్జనం చేసెటోళ్లు. పసుపుపచ్చ తంగేడు కింద, తెల్ల గునుగుకు రంగు అద్ది మీద. 25 కోట్ల ఏండ్ల రాతి మీద పూసిన పూవు అని వాళ్లకు తెల్వకపోవచ్చు. పూవు తాజగ ఉన్నదా లేదా, అంతే చూసేది.

పూలు వచ్చినంక పురుగులు, పురుగులు వచ్చినంక పిట్టలు. కౌజులు, నెమళ్లు, చెవులపిల్లి. రాత్రి నక్క కూత. అడివి పందులు. ఏదుపంది ముల్లు ఒకటి దొరికితే మీ నాయనకు తెచ్చిచ్చిన, దాన్ని పెన్ను చేసుకున్నడు.

అన్నిటికంటె నాకు ఎక్కువ తెలిసిన పిట్ట తీతువు. రాత్రి కూస్తే చెడు జరుగుతదని దాన్ని తిట్టుకుంటరు. అది మనకు చెడు చెప్తలేదు, తన గుడ్ల మీదికి ఎవరో వస్తున్నరని జోడీకి చెప్తున్నది. 2004 ఏప్రిల్‌ల డంపర్ల బాట పక్కన, చక్రం పోయే గీతకు మూడు మూరల దూరంల తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. బాట మీద నూరు టన్నుల డంపర్లు. ఒక్క చక్రమే మనిషి కంటె ఎత్తు. నేను చూసి చుట్టూ నాలుగు పెద్ద రాళ్లు పెట్టి, ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతిన. డ్రైవర్లకు చెప్పిన. వాళ్లు నవ్వలే. షిఫ్టు మారినప్పుడు ఒకనికొకడు చెప్పుకున్నరు. ఆ మలుపు కాడ అందరు బండిని ఎడమకు కొట్టి పోయిండ్రు.

డంపర్ వస్తే తీతువు లేవకపోయేది. ఇంజను చప్పుడుకు నేల అదురుతుంటే గుడ్ల మీద అట్లనే కూసునేది. మనిషి కాలినడకన వస్తే మటుకు దూరం నుంచే లేచి అరిచేది. దానికి బండి అంటే భయం లేదు, మనిషి అంటే ఉన్నది. మధ్యాహ్నం ఒకటి దాటినంక అది ఒక పని చేసేది. కింద నీళ్ల ట్యాంకరు దుమ్ము అణుచ పోసిన నీళ్లు గుంటల నిలిచేటియి. అక్కడికి పోయి, పొట్ట ఈకలు నీళ్లల్ల ముంచి, తడి పొట్టతోటి వచ్చి గుడ్ల మీద కూసునేది. తడి గుడ్లకు అంటేది. మీరు చూసొచ్చిన రాజస్థాన్ ఎడారిల పొలంక పిట్టలు ఉంటయి, వాటి మగపిట్ట గూడ ఇట్లనే పొట్ట ఈకల్ల నీళ్లు పట్టుకొని మైళ్ల దూరం మోసుకొచ్చి పిల్లలకు తాపుతదట. ఆ ఉపాయమే మన డంపర్ బాట మీద నేను చూసిన. నాలుగు వారాలు గడిచినంక ఒకనాడు ఫస్ట్ షిఫ్టుకు పోయేవరకు గుంట ఖాళీ. గుండె ఝల్లుమన్నది. చూస్తే పది గజాల అవతల రాళ్ల నడుమ నాలుగు పిల్లలు, పుట్టిన్నాడే ఉరుకుతున్నయి. తల్లి ఒక్క కూత కూసింది, నాలుగూ ఎక్కడివక్కడ రాయి అయినయి. కండ్ల ముందరనే మాయమైనయి.

మృగశిర చినుకులకు గుట్ట మీద ఆరుద్ర పురుగులు లేస్తయి. ఎర్ర మఖ్మల్ ముక్కలు నడిచినట్టు. ఆ ఎర్రపురుగు కనపడిందంటే, ఆ మట్టి బతికిందని నేను లెక్కేసేది. మొదటిసారి గుట్ట మీద దాన్ని చూసిన్నాడు సద్ది గూడ తినలే, దాని పక్కనే కూసున్న.

ఇవి విని మీరు రేపు ఉరికేరు, అందుకే గట్టిగ చెప్తున్న. గుట్టల మీదికి మీరు ఎక్కొద్దు. అది బాయి జాగ, లోపలికి పోనియ్యరు, పోనియ్యకపోవుడే మంచిది. వానకు తడిసిన మట్టి ఒక్కపారి జారుతది. కొన్నిచోట్ల లోపల బొగ్గు రాజుకొని ఉంటది, పైన బూడిద లెక్క కనపడ్తది, కాలు పెడితే దిగబడ్తది. గుంతలల్ల నీళ్లు నీలంగ, మంచిగ కనపడ్తయి, ఒడ్డు నుంచే నిలువు లోతు, ఈత వచ్చినోడు గూడ మిగలడు. చూడాలంటే రోడ్డు మీద నుంచి చూడుండ్రి, తంగేడు అడుగుననే పూస్తది.

గోదారి అట్ల కాదు, అది మనందరిది. 2019ల కింద మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు వచ్చినయి. సుందిళ్ల వెనుక నీళ్లు మన దాకా నిలిచినయి. ఎండకాలం గోదారి నిండుగ ఉండుడు నా బతుకుల అదే మొదటిసారి. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నీటికాకులు గుంపులు గుంపులుగ వచ్చినయి. కని ఇసుక మునిగింది. నల్లటోపీ పిట్ట గుడ్లు పెట్టే జాగ పోయింది, పుచ్చతోటలు పోయినయి, అడుగులు రాసే పలక పోయింది. నీళ్లు కావాలని నలభై ఏండ్లు మొక్కినోణ్ణి, ఇసుక కోసం గూడ బాధపడ్డ. ఆ రెండూ నిజమే. 2023 అక్టోబర్ల మేడిగడ్డ పియర్లు కుంగినయి. తర్వాత బ్యారేజీల నీళ్లు వదిలిండ్రు. ఎండకాలం వచ్చేవరకు ఇసుక మళ్ల తేలింది. నేను కర్ర పట్టుకొని పోయిన. నాలుగేండ్లు నీళ్ల కింద ఉన్న ఇసుక మీద, తెల్లారుజామున, చెవులపిల్లి అడుగులు. చిన్నయి వెనుక, పెద్దయి ముందర.

మంట సల్లారుతున్నది. ఆ రాయి తువ్వాలల చుట్టి మళ్ల అక్కడనే పెట్టు బిడ్డా. రేపు పొద్దున అయిదున్నరకు లేవుండ్రి, సద్ది కట్టమని నాయనమ్మకు చెప్పిన. నీళ్ల సీస మర్చిపోవద్దు, ఒక నోటుబుక్కు పట్టుకోండ్రి, చూసింది చూసినట్టు తేదీ వేసి రాయుండ్రి. ఇది చలికాలం, ఇప్పుడు గుడ్లుండవు, భయం లేదు. మార్చి దాటినంక ఎప్పుడు ఇసుకల దిగినా కాలి కిందికి చూసుకుంట నడువుండ్రి. నెత్తి మీద పిట్ట అరిస్తే ఉన్నకాడ ఆగి, వచ్చిన అడుగులల్లనే అడుగులు వేసుకుంట వెనక్కి రాండ్రి.